చూసే హక్కు, దిద్దే హక్కు: కళుగుమలై కొండనుంచి సొంత వికీ దాకా

ఒక రాత చరిత్రను పరిశీలించేటప్పుడు మనం సాధారణంగా అడిగే ప్రశ్నలు రెండు: ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు. వీటికి జవాబు దొరికితే పని పూర్తయిందనుకుంటాం. కాని వాటితోపాటు అడగవలసినవి మరో మూడు ఉన్నాయి. ఆ రాతను ఎవరిని చూడనిచ్చారు? ఎవరిని దిద్దనిచ్చారు? ఆ అనుమతి ఇచ్చే అధికారం ఎవరి చేతిలో ఉండింది? ఈ మూడింటినీ ఒకే ప్రశ్నగా కలిపి చూడడంవల్ల చరిత్రలోనూ, ఇప్పటి ఆచరణలోనూ కొన్ని చిక్కులు ఏర్పడుతున్నాయన్నది మా అభిప్రాయం.

ఈ ఆలోచనకు సందర్భం చిన్నదే. కోవిల్పట్టి, విరుదునగరం ప్రాంతాల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాల మాటలను సేకరించేవారు ఆ సేకరణను ఇప్పుడు కాగితపు చీటీల్లో దాచడం లేదు. సొంత వికీలో పెడుతున్నారు. సొంత వికీ అంటే ఒకరి యాజమాన్యంలో ఉండి, ఒకదానితో ఒకటి ముడిపడిన పుటల సముదాయం. చూడవచ్చినవారు కూడా అక్కడికక్కడే రాయడానికి వీలున్న నోటుపుస్తకం. అలాంటి పుస్తకం తెరిచిన మొదటి రోజే యజమాని ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది: వచ్చినవాళ్ళకు ఏది చూపాలి, దేన్ని దిద్దనివ్వాలి? ఇది యంత్రానికి సంబంధించిన ప్రశ్నలాగా కనిపిస్తుంది. నిజానికి దీని చరిత్ర చాలా పాతది. అందులో కొంత కళుగుమలై కొండమీదే ఉంది.

1. కొండమీది రాత

కళుగుమలై తూత్తుక్కుడి జిల్లాలో, కోవిల్పట్టినుంచి శంకరన్‌కోవిల్ వెళ్ళే దారిలో, సుమారు ఇరవై కిలోమీటర్ల దూరాన ఉంది. అక్కడ ఒకే కొండకు మూడు చరిత్రలు ఉన్నాయి. ఒకటి, కొండను పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చి మధ్యలో ఆపేసిన వెట్టువన్ కోయిల్. ఇది క్రీ.శ. 8వ శతాబ్దపు పాండ్యుల కాలం నాటి ఏకశిలాలయం. రెండు, అదే కొండ బండలపై వరసలుగా చెక్కిన జైన ప్రతిమలు. మూడు, కొండ పాదం దగ్గర ఉన్న కళుగాచలమూర్తి ఆలయం, అంటే సుబ్రహ్మణ్యస్వామి కోవెల.

మన విషయానికి ముఖ్యమైనవి జైన ప్రతిమలు. పార్శ్వనాథుడు, బాహుబలి, అంబిక వంటి పెద్ద శిల్పాలతోపాటు చిన్న తీర్థంకర ప్రతిమలు అనేకం ఉన్నాయి. వాటి కింద వట్టెళుత్తు లిపిలో సుమారు నూరు చిన్న శాసనాలు ఉన్నాయి. ఎక్కువ శాసనాల పద్ధతి ఒక్కటే: ఫలానా ఊరి ఫలానావారు చేయించిన తిరుమేని, అంటే పవిత్రప్రతిమ. చేయించినవారిలో గురువులు, శిష్యులు, స్త్రీలు, సాధారణ గృహస్థులు ఉన్నారు. 'కురత్తియార్' అని పిలిచే జైన స్త్రీగురువుల పేర్లు ఉండడం ఈ శాసనాల ప్రత్యేకత. చాలామంది చేయించినవారు కళుగుమలై ఊరివారు కారు. దూరపు ఊళ్ళనుంచి వచ్చి, ఒక ప్రతిమ చేయించి, దాని కింద తమ పేరు రాయించి వెళ్ళినవారు.

ఇక్కడ కొండకు ఒక మతసంస్థ యజమాని. బయటివారు అతిథులు. అతిథులకు రాసే అనుమతి ఉంది, కాని దానికొక రూపం ఉంది. ప్రతిమ ఇలా ఉండాలి, శాసనం ఇంత ఉండాలి, పేరూ ఊరూ చెప్పాలి. ఒకరి ప్రతిమ పక్కన మరొకరి ప్రతిమ, ఒక్కొక్కదాని కింద దానికి చెందిన రాత. కొండ అందరిదీ అయింది, కాని ఏ ప్రతిమ ఎవరిదో తెలియకుండా పోలేదు. పన్నెండు వందల ఏళ్ళ తరవాత కూడా ఎవరు ఏ చేర్పు చేశారో మనం చదవగలుగుతున్నామంటే దానికి కారణం ఈ క్రమశిక్షణే.

రాతిమీద రాసినదాన్ని దిద్దడం కష్టం. అయినా దక్షిణాది దానశాసనాలు కష్టాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేదు. తామ్రశాసనాల చివర వచ్చే శాపవచనాలు మనకు బాగా తెలిసినవే. ఇచ్చిన భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని అవి హెచ్చరిస్తాయి. అందరూ చూడవచ్చు, ఎవరూ మార్చరాదు అన్న నియమానికి అది కావలి. రాజు సైన్యం ఎల్లకాలం కాపలా కాయలేదు గనుక ఆ పనిని పరలోకానికి అప్పగించారు.

2. తేరువీధి

చూసే హక్కును అదుపు చేయడం ఎంత దూరం పోగలదో చెప్పే చరిత్ర కూడా ఇదే ఊళ్ళో ఉంది. కళుగాచలమూర్తి ఆలయ నిర్వహణ ఎట్టయపురం జమీందారుల చేతిలో ఉండేది. వారు తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్లు. గుడిచుట్టూ తేరు తిరిగే వీధుల్లో ఎవరు ఊరేగవచ్చు, ఎవరు ఊరేగరాదు అన్నదానిమీద 19వ శతాబ్దంలో నాడార్లకూ ఆలయ నిర్వాహకులకూ మధ్య ఏళ్ళ తరబడి తగాదా నడిచింది. 1895లో తేరు ఉత్సవం వేళ అది ఘర్షణగా మారి ప్రాణాలు పోయాయి. ఈ జిల్లాల పొరుగునే ఉన్న కముది ఆలయప్రవేశం కేసు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1908లో తీర్పు నాడార్లకు వ్యతిరేకంగా వచ్చింది. మదురై మీనాక్షి ఆలయంలోకి అంతవరకు ప్రవేశంలేని కులాలవారు అడుగుపెట్టింది 1939 జూలైలో.

ఈ సంఘటనలను ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. 'ఎవరిని లోపలికి రానివ్వాలి' అన్న నిర్ణయం నిర్వాహకుడికి ఎప్పుడూ మామూలు ఏర్పాటుగానే కనిపిస్తుంది. బయట నిలబడినవాడికి అది అవమానం. పైగా తేరువీధి తగాదాలో ఒక సూక్ష్మం ఉంది. ఒక వీధిలో ఉండడం వేరు, అదే వీధిలో మేళతాళాలతో ఊరేగడం వేరు. మొదటిదానికి అభ్యంతరం చెప్పనివారు రెండోదానికి అడ్డుపడ్డారు. హక్కు అన్నది ఒక్క తలుపు కాదు, మెట్ల వరస. ఏ మెట్టు దగ్గర ఎవరిని ఆపుతున్నామో, ఎందుకు ఆపుతున్నామో చెప్పలేని నియమం ఎంతోకాలం నిలవదు. ఆ నియమాన్ని నడిపించినవారు మన భాషవారు కావడంచేత మనం దీన్ని మరచిపోవడానికి వీల్లేదు.

3. తాటాకు నకళ్ళు

రాతిమీదినుంచి తాటాకు దగ్గరికి వస్తే పరిస్థితి తలకిందులవుతుంది. తాటాకు గ్రంథం బతకాలంటే నకలు కావాలి. నకలు తీసే ప్రతి చేయీ ఏదో ఒకటి మారుస్తుంది. లేఖకులకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే గ్రంథాంతంలో వారు రెండు రకాల మాటలు రాసేవారు. ఒకటి, చూసినది చూసినట్టు రాశాను, తప్పులుంటే పెద్దలు మన్నించి దిద్దుకోవాలి అన్న వినతి. రెండు, నూనెనుంచి, నీటినుంచి, వదులు కట్టునుంచి కాపాడమని, మూర్ఖుడి చేతికి మాత్రం ఇవ్వవద్దని పుస్తకమే వేడుకుంటున్నట్లు రాసే మాట. మొదటిది దిద్దే అనుమతి, రెండోది చూసే అనుమతికి హద్దు. యోగ్యుడైతే చాలు, అతడు దిద్దవచ్చు. అయోగ్యుడికి తాకే వీలు కూడా లేదు. యోగ్యత ఎలా తేలుతుందన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

దీని ఫలితం వేమన పద్యాల్లో కనిపిస్తుంది. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, ఊరూరినుంచి ప్రతులు తెప్పించి, పోల్చి చూసి శుద్ధప్రతులు రాయించాడు. 1829లో ఆయన అచ్చువేసిన వేమన సంపుటంలో 693 పద్యాలు ఉన్నాయి. 1839 నాటి రెండో కూర్పులో 1,164 ఉన్నాయి. ఆ తరవాతి సంకలనాల్లో సంఖ్య వేలకు పెరిగింది. వేమన పద్యానికి గుర్తు దాని మకుటం. మకుటం తగిలిస్తే ఎవరి పద్యమైనా వేమన పద్యమే. ఈనాటి మాటల్లో చెప్పాలంటే, అది అందరికీ తెలిసిన ఒకే ఒక పాస్‌వర్డు. ఎవరు చేర్చారు, ఎప్పుడు చేర్చారు అన్న లెక్క ఏ తాటాకుమీదా లేదు. బ్రౌన్ పండితులు చేసిన పనిలో ఎక్కువ భాగం పోయిన ఆ లెక్కను ప్రతులు పోల్చి ఊహించడమే.

ఈ చేర్పులన్నీ నష్టమని మేము అనడం లేదు. వేమన జనంలో నిలిచింది జనం చేయి పెట్టడంవల్లనే. నష్టం ఎక్కడ జరిగిందంటే, పాతదాన్ని చెరిపి దాని స్థానంలో కొత్తది పెట్టినచోట, ఆ మార్పుకు గుర్తు లేనిచోట. రాయి అందరికీ కనిపించి ఎవరి దిద్దుబాటుకూ లొంగలేదు. తాటాకు కొందరికే కనిపించి ఆ కొందరి చేతిలో గుర్తుతెలియకుండా మారింది. ఈ రెండు కొసల మధ్య మూడో దారి ఏదన్నదే తరవాతి తరాలవారి ముందు నిలిచిన ప్రశ్న.

4. ఇడైసెవల్ నిఘంటువు

ఆ మూడో దారికి దగ్గరగా వచ్చిన ప్రయత్నాలు 20వ శతాబ్దంలో రెండు ఉన్నాయి. మొదటిది ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయపదాల సంపుటం 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ వచ్చాయి. ఒక పనిముట్టుకు ఒక్కొక్క ప్రాంతంలో ఏ మాట ఉందో ఆ మాటను అలాగే రాసి, పక్కన ప్రాంతం పేరు రాయడం దాని పద్ధతి. ఒక ప్రాంతపు మాటను మరో ప్రాంతపు మాటతో దిద్దలేదు. పక్కపక్కన పెట్టారు. తెలుగు నిఘంటు చరిత్రలో ఇది గొప్ప మలుపు. అయితే దాని పరిధి ఆనాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలే. కళుగుమలై రైతు చెప్పే తెలుగు మాటకు అందులో చోటు లేదు. మాట చెప్పినవారికి అచ్చయిన పుటను చూసి 'ఇది మేము అన్నట్టు లేదు' అని చెప్పే వీలూ ఆ పద్ధతిలో లేదు. అది ఆ కాలపు అచ్చుపుస్తకాలన్నిటికీ ఉన్న పరిమితి.

రెండోది కళుగుమలై పొరుగునే జరిగింది. కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామంలో పుట్టిన కి. రాజనారాయణన్‌కు ఇంటిభాష తెలుగు, రాతభాష తమిళం. తెలుగువారు దక్షిణానికి తరలివచ్చి నల్లరేగడి నేలలో స్థిరపడిన కథను ఆయన 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా రాశాడు. దాని కొనసాగింపైన 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన 2021 మేలో కన్నుమూశాడు. 1980ల తొలినాళ్ళలో ఆయన కరిసల్ ప్రాంతపు, అంటే నల్లరేగడి సీమ, వాడుక మాటలకు ఒక నిఘంటువు కూర్చాడు. దానివెనక విశ్వవిద్యాలయం లేదు, భాషాశాస్త్ర శిక్షణ లేదు. ఉన్నదల్లా ఆ నేలమీది మనుషుల మాటపై ఆయనకున్న చెవి.

రాజనారాయణన్ పనిలో మా విషయానికి సంబంధించిన మరో అంశం ఉంది. ఆయన జానపదుల నోట వినే శృంగారకథలను, మొరటు కథలను కూడా సేకరించాడు. వాటిని వదిలిపెట్టలేదు, మిగతా కథల్లో కలపనూ లేదు. విడిగా ఒక పుస్తకంగా వేసి దానికి 'వయసు వచ్చినవారికి మాత్రమే' అన్న అర్థం వచ్చే తమిళ పేరు పెట్టాడు. పల్లెల్లో ఆ కథలు చెప్పుకునే తీరే అంత. పిల్లలు నిద్రపోయాక, తోటివాళ్ళు కూడినప్పుడు చెబుతారు. ఆ నియమాన్ని ఆయన అట్టమీదికి ఎక్కించాడు. దాచిపెట్టడం వేరు, వినేవారిని బట్టి చెప్పడం వేరు అన్న సంగతి ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం.

5. వికీ వచ్చిన తరవాత

అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని 1995 మార్చి 25న తెరిచాడు. హవాయి భాషలో 'వికీవికీ' అంటే త్వరత్వరగా అని అర్థం. వచ్చినవారెవరైనా దిద్దవచ్చు అన్నది దాని మూలసూత్రం. 2001 జనవరిలో వికీపీడియా మొదలైంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా వచ్చింది. వికీపీడియాలో ప్రతి పుటకు ఒక చరిత్ర పుట ఉంటుంది. ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో అందులో నమోదవుతుంది. తాటాకు లేఖకుడికి లేని సౌకర్యం ఇదే. వేమన ప్రతులకు అలాంటి పుట ఒకటి ఉండి ఉంటే బ్రౌన్ పండితుల పని ఎంత తగ్గేదో ఊహించవచ్చు.

కాని అందరిదీ అయిన వికీ వేరు, ఒకరి సొంత వికీ వేరు. సొంత వికీలో సగం రాసి ఆపిన పుటలు ఉంటాయి, పేర్లుంటాయి, అనుమానాలుంటాయి. అందువల్ల సొంత వికీలు నడపడానికి ఉపయోగపడే సాఫ్ట్‌వేర్లు అనుమతుల ఏర్పాట్లను కల్పించాయి. 2004లో ఆండ్రియాస్ గోర్ తయారుచేసిన డోకువికీ ఇందుకు మంచి ఉదాహరణ. అందులో మొదటి రోజే యజమాని మూడు పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవాలి. అందరూ చదివి అందరూ రాసేది ఒకటి. అందరూ చదివి, నమోదైనవారు మాత్రమే రాసేది రెండోది. చదవడానికీ రాయడానికీ కూడా నమోదు కావలసినది మూడోది. ఆ తరవాత కావాలంటే ఒక్కొక్క పుటకు, పుటల గుంపుకు, వ్యక్తికి, వర్గానికి విడివిడిగా నియమాలు రాసుకోవచ్చు. మెట్లు ఇలా ఉంటాయి: ఏమీ లేదు 0, చదవడం 1, దిద్దడం 2, కొత్త పుట తెరవడం 4, ఫైలు ఎక్కించడం 8, ఫైలు చెరపడం 16. పై మెట్టు ఎక్కినవాడికి కింది మెట్లన్నీ వస్తాయి. గుంపుకు పెట్టిన నియమం కన్నా ఆ గుంపులోని ఒక పుటకు పెట్టిన నియమమే చెల్లుతుంది. అంటే ఇంటి నియమాన్ని గది నియమం దాటుతుంది.

ఈ మెట్ల వరస చూడగానే తేరువీధి గుర్తుకు రావడం సహజం. ఉండవచ్చు, నడవవచ్చు, ఊరేగవచ్చు అన్న తేడాలే ఇక్కడ అంకెలయ్యాయి. ఒక తేడా మాత్రం ఉంది. తేరువీధి నియమం ఆచారం పేరుతో నడిచింది; ఇక్కడి నియమాన్ని యజమాని తన చేతితో రాయాలి. రాసినదానికి బాధ్యత కూడా అతడిదే.

ఇక ఒక హెచ్చరిక. దిద్దే హక్కును అదుపు చేయడం తేలిక, చూసే హక్కును అదుపు చేయడం కష్టం. దిద్దుబాటు చెడితే చరిత్ర పుటనుంచి పాతదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. ఒకసారి కనిపించినదాన్ని మాత్రం కనిపించనట్టు చేయలేము. వికీపీడియాను నడిపే మీడియావికీని తయారుచేసినవారే, అది ఒక్కొక్క పుటను కొందరికి మాత్రమే చూపే అవసరం కోసం రూపొందినది కాదని తమ సూచనల్లో స్పష్టంగా చెప్పారు. దాచిన పుటలోని వాక్యం వెతుకులాటలో బయటపడవచ్చు, మరో పుటలో అతికించడంవల్ల బయటపడవచ్చు. ఒక పేరును ఇవాళ పుటలోనుంచి తీసేసినా నిన్నటి కూర్పులో అది అలాగే ఉంటుంది. మార్పులను మరవని గుణమే వికీకి బలం. గుట్టు విషయంలో అదే దాని బలహీనత. కాబట్టి ఎవరికీ తెలియకూడని విషయాన్ని వికీలో దాచడం కాదు, వికీలో రాయకపోవడమే పద్ధతి.

6. కళుగుమలై తెలుగుకు ఏ తాళం?

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పినవారు 42 లక్షలకు పైగా ఉన్నారు. కోవిల్పట్టి, విరుదునగరం ప్రాంతాల్లో వారిలో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, తెలుగు లిపి రాదు. తమిళమే చదువుకున్న లిపి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన తరవాత తెలుగు లిపి నేర్చే అవకాశం ఇంకా తగ్గింది. ఇలాంటి సమాజపు మాటలను తెలుగు లిపిలో మాత్రమే రాసి 'అందరూ చూడవచ్చు' అని తలుపులు తెరిచామనుకుంటే, తెరిచింది ఎవరికి? మాట ఇచ్చినవారికి కాదు, దూరాన ఉన్న తెలుగు చదువరులకు. తాళం వేయకుండానే తలుపు మూసినట్టయింది. అందుచేత చూసే హక్కులో మొదటి మెట్టు లిపి. ప్రతి మాటకు తెలుగు లిపితోపాటు తమిళ లిపి, వీలైతే పలికిన గొంతు కూడా ఉండాలి. తమిళ లిపి ఒక్కటే చాలదు. అందులో కకార గకారాలకు ఒకే అక్షరం గనుక ఉచ్చారణ భేదం పోతుంది. గొంతు ఉంటే ఆ లోటు తీరుతుంది.

దిద్దే హక్కు విషయంలో ప్రమాదం మరో రకం. దక్షిణ మండలపు తెలుగులో 'చెప్పినాడు' అన్న రూపం ఉంటే, పత్రికల తెలుగుకు అలవాటుపడిన చదువరి దాన్ని 'చెప్పాడు' అని మారుస్తాడు. 'వస్తా ఉండాడు' కనిపిస్తే 'వస్తున్నాడు' చేస్తాడు. 'అంగడి'ని 'దుకాణం', 'తేరు'ను 'రథం' చేస్తాడు. తమిళంనుంచి వచ్చిన 'రొంబ' కనిపిస్తే కొట్టేసి 'చాలా' అని రాస్తాడు. అతడి ఉద్దేశం మంచిదే, సాయం చేస్తున్నాననుకుంటాడు. కాని అలాంటి సాయం పదిమంది చేస్తే ఆ పుటలో మిగిలేది విజయవాడ తెలుగే. చరిత్ర పుట పాతరూపాన్ని భద్రపరుస్తుంది, నిజమే. కాని చరిత్ర పుట తెరిచి చూసే చదువరులు ఎందరు?

ఊరిపేరే దీనికి నిదర్శనం. తమిళంలో ఈ పేరులోని రెండో అక్షరం ఴకారం. ఆ ధ్వనికి ప్రాచీన తెలుగు శాసనాల్లో ప్రత్యేకాక్షరం ఉండేది. చోఴ శబ్దం అలా రాసినదే. తరవాత తెలుగులో ఆ ధ్వని ఎక్కువగా డకారమై, చోడ వంటి రూపాలు మిగిలి, అక్షరం వాడుక తప్పింది. 2014లో యూనికోడ్ ఏడో కూర్పులో దానికి మళ్ళీ చోటు దొరికింది. కాబట్టి ఇప్పుడు ఒకరు 'కఴుగుమలై' అని రాయవచ్చు, ఒకరు 'కలుగుమలై' అని రాయవచ్చు. మేము 'కళుగుమలై' అని రాస్తున్నాం. ఈ దక్షిణ జిల్లాల తమిళంలోనే చాలామంది నోట ఆ ధ్వని ళకారంగా వినిపిస్తుంది గనుక. మూడింటికీ కారణాలున్నాయి. ఒకదాన్ని చెరిపి మరొకదాన్ని నిలిపే పోటీ పెట్టుకుంటే పేరు తప్ప ఊరి సంగతి ఒక్కటీ ముందుకు సాగదు.

ఇలాంటి చిక్కును ఎదుర్కొన్న సమాజాలు వేరేచోట్ల ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని టెనంట్ క్రీక్ ప్రాంతపు వారుముంగు ఆదివాసులతో కలిసి కింబర్లీ క్రిస్టెన్ రూపొందించిన 'ముకుర్తు' అలాంటిది. ఏ చిత్రాన్ని ఏ వంశంవారు చూడవచ్చు, ఏది స్త్రీలకు మాత్రమే, ఏది పురుషులకు మాత్రమే, చనిపోయినవారి బొమ్మను ఎప్పుడు దాచాలి అన్న నియమాలను ఆ సమాజమే చెప్పింది. సాఫ్ట్‌వేరు ఆ నియమాలను పాటించింది. మన రాజనారాయణన్ అట్టమీద చేసిన పనిని వారు యంత్రంలో చేశారు. రెండుచోట్లా నియమం సమాజంలోనుంచి వచ్చింది, సేకర్త సౌకర్యంలోనుంచి కాదు.

ఈ చరిత్రంతా చూసిన తరవాత ఇలాంటి సేకరణకు పనికివచ్చే ఏర్పాటు ఒకటి మాకు తోస్తోంది. మాట, అర్థం, వాడిన వాక్యం, పలికిన ప్రాంతం అందరికీ కనిపించాలి. పాటలు, ఏడుపుపాటలు, మొరటు సామెతలు, గొంతు రికార్డులు వాటిని ఇచ్చినవారు ఒప్పుకున్న మేరకే కనిపించాలి. ఒప్పుకున్నవారు తరవాత వద్దంటే తీసేయాలి. చెప్పినవారి పేరు, కులం, ఇంటి వివరాలు వికీలోకి రానేకూడదు. వాటి చోటు యజమాని బీరువాలోని కాగితం. ఇక దిద్దుబాటు. చెప్పినవారు చెప్పిన రూపాన్ని ఇతరులెవరూ, యజమానితో సహా, మార్చరాదు. అది తప్పని ఆ ఇంటివారే అంటే వారే మార్చాలి. మిగిలినవారు తమకు తెలిసిన రూపాన్ని, తమ ఊరిపేరుతో, పక్కన చేర్చవచ్చు. దీన్ని డోకువికీ అంకెల్లో ఏర్పాటు చేయడం కష్టం కాదు. మూలరూపపు పుటకు అందరికీ 1, ఆ ఇంటివారికి 2. దాని పక్కన ఉండే చర్చ పుటకు నమోదైనవారందరికీ 2. ఫైళ్ళను చెరిపే హక్కు, అంటే 16, ఒక్క యజమానికే. దాన్ని ఎప్పుడు వాడాడో అందరికీ కనిపించేచోట రాసిపెట్టాలి.

కష్టమంతా యజమాని తరవాత వచ్చేదే. సొంత వికీకి తాళంచెవి ఒకరి చేతిలోనే ఉంటుంది. ఆ మనిషి పోతే పుటలు తెరుచుకోవు, లేదా తెరిచినవి తెరిచినట్టే ఎవరి కాపలా లేకుండా మిగులుతాయి. అందుకని వారసుడెవరన్నది అనుమతుల పట్టికలో మొదటి వరసలోనే రాయవలసిన విషయం. ఆ వారసుడు విశ్వవిద్యాలయమే కానక్కరలేదు. ఆ మాటలు ఇంకా మాట్లాడే ఇళ్ళలో ఒకరైతే మరీ మంచిది.

వెట్టువన్ కోయిల్‌ను చెక్కినవారు ఎందుకు ఆపేశారో మనకు చెప్పే రాత లేదు. ఆ పక్క బండమీద ప్రతిమలు చేయించినవారి పేర్లు మాత్రం ఉన్నాయి. యాత్రికులుగా వచ్చిన ఆ స్త్రీపురుషులకు కొండపై యాజమాన్యం లేదు, అయినా కొండ చరిత్రలో వారికి చోటు దొరికింది. వారికి పక్కన రాసే హక్కు ఇచ్చారు, మీద రాసే హక్కు ఇవ్వలేదు. కళుగుమలై తెలుగు మాటలను భద్రపరచబూనుకున్న ఎవరికైనా అంతకన్నా మంచి నియమం మాకు కనిపించడం లేదు.